పాత నడుము నొప్పి: ఒంటినీ మనసునూ కలిపి దారికి తెచ్చుకోవడం ఎలా?

మా అమ్మకు 71 ఏళ్ళు. తిరుపతి కొర్లగుంటలో ఉంటుంది. నేను ఫిజియోథెరపిస్టును. రెండేళ్ళుగా ఆమెను వదలని నడుము నొప్పికి ఏడు వ్యాయామాలు బొమ్మలు గీసి మరీ రాసిచ్చాను. నాలుగు నెలల తర్వాత ఆ కాగితం బియ్యం డబ్బా అడుగున, వేపాకుల కింద కనిపించింది. కోపం వచ్చింది. "ఎందుకు చేయలేదమ్మా?" అని అడిగితే ఆమె చెప్పిన జవాబు ఇది: "ఉన్నదే అరిగిపోయింది కదా. ఇంకా వంచితే మిగిలింది కూడా పోతుందేమోనని."

ఆ రోజు నుంచి వట్టి వ్యాయామాల కాగితం ఎవరికీ ఇవ్వడం లేదు. భయంతో బిగుసుకున్న నడుముకు వ్యాయామం ఒంటబట్టదు. అలాగని ధైర్యం చెప్పి కుర్చీలో కూర్చోబెడితే కండరానికి బలం రాదు. రెండూ ఒకే పూట, ఒకే పనిలో జరగాలి. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష 97 పరిశోధనలను, 13 వేల మందికి పైగా రోగులను కలిపి చూసింది. నడుము నొప్పికి ఇచ్చే మానసిక చికిత్సలు ఫిజియోథెరపీతో జోడించినప్పుడే ఎక్కువ ఫలితం ఇచ్చాయని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ వ్యాయామం, మానసిక చికిత్స, నొప్పి గురించిన అవగాహన మూడూ ఉన్నాయి. నడుముకు బెల్టు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ మామూలుగా వాడవద్దని కూడా అందులోనే ఉంది. మన ఊళ్ళో ఇప్పటికీ ముందు కొనేది బెల్టే.

60 దాటి, మూడు నెలలకు మించి నడుము నొప్పితో ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. వారి పిల్లలు కూడా చదవాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు డాక్టరు

ఈ పద్ధతి మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. మూత్రం, మలం పట్టు తప్పడం, కూర్చునే చోట మొద్దుబారడం, కాలు బలం తగ్గి ఈడ్చుకుపోవడం కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం, రాత్రి పడుకున్నా తగ్గకుండా పెరిగే నొప్పి, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడటం, స్నానాలగదిలో జారి పడిన తర్వాత కొత్తగా మొదలైన నొప్పి, వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్షలు చేయించాలి. ముఖ్యంగా ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళలో చిన్న దెబ్బకే వెన్నుపూస నలిగిపోతుంది. అలాంటివారు లోతుగా ముందుకు వంగే వ్యాయామాలు చేయకూడదు.

ఇవేవీ లేవని డాక్టరు చెప్పాక ఇక్కడికి రండి.

అరిగిందన్న మాటను విప్పి చూడండి

మన భాషలో చెప్పు అరుగుతుంది, టైరు అరుగుతుంది, రోలు అరుగుతుంది. అరిగిన వస్తువును ఎంత తక్కువ వాడితే అంత మంచిది. స్కానింగ్ రిపోర్టు చూసి ఎవరో "అరుగుదల" అనగానే మనిషి తన నడుమును కూడా అలాగే పొదుపుగా వాడటం మొదలుపెడతాడు. ముందు వంగడం మానేస్తాడు, తర్వాత గుడికి వెళ్ళడం, చివరికి నలుగురిలోకి రావడం. వాడని కండరం నెల నెలకూ సన్నబడుతుంది, అప్పుడు చిన్న పనికే నొప్పి వస్తుంది. "చూశావా, నిజంగానే అరిగింది" అనుకుంటాడు.

నిజానికి ఒంట్లో అరగాల్సింది అన్నం ఒక్కటే. ఎముక, కండరం వాడేకొద్దీ గట్టిపడతాయి, వాడకపోతే బలహీనపడతాయి. స్కానింగ్ సంగతి కూడా వినండి. ఏ నొప్పీ లేనివారి వెన్ను స్కానింగులను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో, 80 ఏళ్ళవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. 20 ఏళ్ళ కుర్రవాళ్ళలోనే 37 శాతం మందికి ఉంది. తల నెరిసినట్టే అదీ నెరుస్తుంది. నెరిసిన వెంట్రుకకు నొప్పి ఉండదు కదా.

మరి ఈ నొప్పి కల్పితమా? కానే కాదు. నెలల తరబడి నొప్పి పడిన నరాల వ్యవస్థ ఇంటి కాపలా కుక్కలా తయారవుతుంది. దొంగను చూసి మొరగాల్సిన కుక్క పాలవాడిని చూసి కూడా మొరుగుతుంది. మొరుగుడు నిజమే, దొంగ మాత్రం లేడు. కుక్కను కొడితే ఇంకా రెచ్చిపోతుంది. పాలవాడిని రావద్దంటే దానికి ఎప్పటికీ అలవాటు కాదు. రోజూ అదే వేళకు అతను రావాలి, కొద్దిసేపు ఉండి పోవాలి. కొన్నాళ్ళకు అది తోక మాత్రం ఆడిస్తుంది.

ఏం కావాలో రాసుకోండి

"నొప్పి పోవాలి" అని రాయకండి. అది మన చేతిలో లేదు. నొప్పి సున్నా అవుతుందని మాట ఇచ్చేవారిని నమ్మకండి, నేనైనా సరే. దాని బదులు నడుము నొప్పి మీ దగ్గర నుంచి లాక్కున్న పని ఒకటి రాయండి. ఒకాయన గోవిందరాజస్వామి గుడి మాడవీధులు ఒక చుట్టు తిరగాలన్నాడు. ఒకావిడ మనవడి పెళ్ళిలో పందిట్లో గంటసేపు కూర్చోవాలంది. మా అమ్మ అడిగింది ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గు. రెండేళ్ళుగా పనిమనిషి చేత వేయించుకుంటూ, చుక్క తప్పితే లోపల నుంచి సణుగుతోంది.

మొదటి వారం: కొలత మాత్రమే

గోడ క్యాలెండర్ తీసుకోండి. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ రాసే గడుల్లోనే ఇది కూడా రాయవచ్చు.

మూడు రోజులు మామూలుగా నడవండి. నొప్పి పెరగడం మొదలయ్యే దాకా ఎన్ని నిమిషాలు నడిచారో రాయండి. ఒక రోజు 12, ఒక రోజు 8, మరో రోజు 10 అనుకుందాం. సగటు 10. అందులో ఐదో వంతు తగ్గించండి, 8 వస్తుంది. మీ నడక 8 నిమిషాల దగ్గర మొదలవుతుంది. నిలబడటానికి, కింద కూర్చోవడానికి కూడా ఇలాగే లెక్క కట్టుకోవచ్చు.

పెద్దవాళ్ళు తప్పే చోటు ఇక్కడే ఉంది. నడుము బాగున్న రోజు కూడా 8 నిమిషాలే. బాగాలేని రోజు కూడా 8 నిమిషాలే. ఉగాదికి ముందు రోజు ఒళ్ళు తేలికగా ఉందని ఇల్లంతా బూజు దులిపి, పండగనాడు మంచం మీద ఉన్నవారిని ఏటా చూస్తున్నాను. నొప్పిని బట్టి పని చేస్తే ఎగుడుదిగుడు తప్పదు. గడియారాన్ని బట్టి చేయండి. వారానికి పదో వంతు పెంచండి, అంటే వచ్చే వారం 9 నిమిషాలు. నవ్వకండి, మూడు నెలల్లో 8 నిమిషాలు 25 అవుతాయి.

ఎండ సంగతి తిరుపతివారికి నేను చెప్పాలా? మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఆరున్నర లోపు ముగించండి. విశ్వవిద్యాలయం చెట్ల నీడ దగ్గరగా ఉన్నవారు అదృష్టవంతులు. లేనివారు వరండాలో అటూ ఇటూ తిరిగినా లెక్కే.

వ్యాయామం, పక్కనే పుస్తకం

మా అమ్మకు ఇచ్చిన ఏడు వ్యాయామాల్లో రెండు తీసేశాను. మిగిలినవి ఇవి. గోడకు ఆనించిన చేతుల్లేని కుర్చీలో నుంచి చేతి సాయం లేకుండా లేచి, మెల్లగా కూర్చోవడం ఐదుసార్లు. గోడకు చేతులు ఆనించి నెట్టడం ఎనిమిది సార్లు. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం పదిసార్లు. మంచం మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పిరుదులు పైకెత్తి మూడు అంకెలు లెక్కపెట్టడం ఐదుసార్లు. వంటగట్టు పట్టుకునే ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం, కాలు మార్చి మళ్ళీ. ఒకరోజు విడిచి ఒకరోజు చేస్తే చాలు, నడక మాత్రం రోజూ ఉండాలి. చివరిది నడుముకంటే పడిపోకుండా కాపాడటానికి ఎక్కువ పనికొస్తుంది. ఈ వయసులో పడిపోతామన్న భయం కూడా నడుము నొప్పిలో ఒక భాగమే.

ఊపిరి బిగబట్టకూడదు, బీపీ పెరుగుతుంది. దీనికి మా అమ్మ కనిపెట్టిన ఉపాయం నా చదువుకంటే గొప్పది. కుర్చీలో నుంచి లేచేటప్పుడు "గోవిందా" అంటుంది. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరివల్లా కాదు. మీ దేవుడి పేరు ఏదైనా సరే, గట్టిగా అనండి. మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు కూర్చుని, పొట్ట మీద చేయి పెట్టుకుని, నాలుగు అంకెల దాకా గాలి పీల్చి ఆరు అంకెల దాకా వదలండి. భుజాలు, దవడ వదులవుతాయి. నిద్ర పట్టని రాత్రి కూడా ఇదే చేయండి. నిద్ర చెడిన మర్నాడు నొప్పి ఎక్కువ తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ప్రతి వ్యాయామానికి ముందు చిన్న పుస్తకంలో రెండు విషయాలు రాయండి: ఇది చేస్తే నొప్పి పదిలో ఎంత వస్తుందనుకుంటున్నారు, ఏం జరుగుతుందని భయపడుతున్నారు. చేసిన వెంటనే నిజంగా ఎంత వచ్చిందో రాయండి. మర్నాడు ఉదయం ఎంత ఉందో కూడా. రాయడం రాకపోతే మనవరాలి చేత రాయించండి.

మా అమ్మ పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంది: "కుర్చీలో నుంచి లేవడం. 8 వస్తుంది. నడుము కలుక్కుమంటుంది. వచ్చింది 5. కలుక్కుమనలేదు. పొద్దున 4." రెండో వారానికి అనుకున్నది 6, వచ్చింది 4. నెల తిరిగేసరికి అనుకున్నదీ వచ్చిందీ పక్కపక్కకు చేరాయి. నేను గంటసేపు పాఠం చెప్పినా మారని నమ్మకం ఆమె సొంత అంకెలు చూసి మారింది. మానసిక చికిత్సలో దీనికి పెద్ద పేరు ఉంది కానీ పని మాత్రం ఇదే: భయాన్ని జోస్యంలా రాసి, జోస్యం ఫలించిందో లేదో చూడటం. వ్యాయామం లేకుండా ఈ పుస్తకానికి రాయడానికి ఏమీ ఉండదు, పుస్తకం లేకుండా వ్యాయామం మనసుకు ఎక్కదు.

ఎంత నొప్పి వరకు ఫరవాలేదు? చేస్తున్నప్పుడు మామూలుకంటే ఒకటి రెండు అంకెలు పెరిగి, మర్నాడు ఉదయానికి పాత చోటికి వస్తే సరే. మర్నాడు కూడా దిగకపోతే మీ నడుము పాడైందని కాదు, మోతాదు ఎక్కువైందని. సంఖ్య తగ్గించండి, మానకండి. కాలిలోకి కొత్తగా తిమ్మిరి, బలహీనత దిగితే మాత్రం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం వచ్చినా అంతే. షుగరు మందులు వాడేవారు పరగడుపున చేయకండి.

అందరికీ ఒకే పద్ధతి కుదరదు. నా దగ్గరికి వచ్చే ఒక రిటైరైన కండక్టరుకు ఐదు నిమిషాలు నడిస్తే రెండు కాళ్ళూ బరువెక్కుతాయి. కిరాణా కొట్టు గల్లా మీదకు వంగి రెండు నిమిషాలు నిలబడితే పోతుంది. సైకిలు మాత్రం అరగంట తొక్కుతాడు. వెన్నులో నరాల దారి ఇరుకైనవారి లక్షణం ఇది. ముందుకు వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది. ఆయనకు నడక మూడు నిమిషాలు, అరుగు మీద కూర్చోవడం ఒక నిమిషం, మళ్ళీ నడక. నడక మధ్యలో కూర్చోవడం నామోషీ అని మొదట్లో ఒప్పుకోలేదు. ఇప్పుడు ఏ అరుగు మీద ఎవరు ఏం మాట్లాడుకుంటారో ఆయనకే తెలుసు.

భయానికి మెట్లు కట్టండి

వ్యాయామాలు మూడు నాలుగు వారాలు నిలకడగా సాగాక, మీరు రాసుకున్న పనికి మెట్లు కట్టండి. అన్నిటికంటే తక్కువ భయపెట్టేది మొదటి మెట్టు. మా అమ్మ ముగ్గుకు కట్టిన మెట్లు: భోజనాల బల్ల మీద పళ్ళెంలో పిండితో నాలుగు చుక్కల ముగ్గు. వరండాలో ఎత్తు పీట మీద కూర్చుని అదే ముగ్గు. అక్కడే చిన్న పీట మీద ఏడు చుక్కలు. వాకిట్లో నిలబడి, మోకాళ్ళు మడిచి, ఎడమ చేయి తొడ మీద ఆనించి నాలుగు చుక్కలు. తర్వాత పెద్ద ముగ్గు, మధ్యలో ఒకసారి నడుము నిటారు చేసుకుంటూ. ఒక మెట్టు మీద భయం సగానికి దిగాకే పై మెట్టు. పదిలో ఎనిమిది భయపడేవారు నాలుగుకు వచ్చే దాకా అక్కడే ఉండాలి.

నాలుగో మెట్టు దగ్గర మూడు వారాలు కదలలేదు. అప్పుడు ఒక ప్రశ్న అడిగాను: "సంగటి కెలికేటప్పుడు నడుము వంచుతావా, వంచవా?" ఆలోచించింది. తెడ్డు పట్టుకుని, ఒళ్ళంతా బరువు వేసి, రాగి సంగటి గడ్డలు కట్టకుండా కెలకడం ముగ్గుకంటే ఎంతో బరువైన పని. అది రోజూ చేస్తోంది, దానికి భయం లేదు. ఎందుకంటే సంగటి కెలికితే అరుగుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీరూ వెతకండి. మీరు మానేసిన పనిలో ఉన్న కదలికే మీరు రోజూ భయం లేకుండా చేసే మరో పనిలో ఉంటుంది.

ఇంట్లోవాళ్ళకు

"నువ్వు లేవకమ్మా, నేను తెస్తాను" అనే కొడుకు చాలా మంచివాడు. ఆ మంచితనం ఆమె కాళ్ళలోని బలాన్ని గ్లాసు గ్లాసుకూ తీసేస్తుంది. ఫోను చేసిన ప్రతిసారీ "నడుము ఎలా ఉంది?" అని అడగడం మానండి. "ఇవాళ ఎన్ని నిమిషాలు నడిచావు?" అని అడగండి. ఊరికి దూరంగా ఉండి అపరాధ భావంతో ఖరీదైన మసాజ్ కుర్చీ పంపే పిల్లలకు ఇది ఇంకా వర్తిస్తుంది.

తిరగబెట్టిన రోజు

వస్తుంది. బాగున్నప్పుడే దాని పథకం క్యాలెండర్ వెనుక రాసి పెట్టుకోండి: రెండు రోజులు అన్నీ సగం మోతాదు, సున్నా కాదు. వేడినీళ్ళ సంచీ పదిహేను నిమిషాలు. ఊపిరి సాధన మూడుసార్లు. మూడో రోజు ముప్పావు, వారంలోగా పాత లెక్క. రోజుల తరబడి మంచాన పడుకోకండి. మందుల షాపులో అడిగి కొనే నొప్పి మాత్రలు ఈ వయసులో కిడ్నీలకు, కడుపుకు, బీపీకి చేటు. డాక్టరు రాసినవి మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోతే, బతికి ఏం లాభం అనిపిస్తే, అది నడుము లెక్కలో వేయకండి. అది విడిగా చికిత్స కావాల్సిన కుంగుబాటు కావచ్చు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్తే పిచ్చి ఉన్నట్టు కాదు. తిరుపతిలోనే ఉన్న స్విమ్స్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ కళాశాలే ఉంది. ఎక్కడికి వెళ్ళినా మీ పుస్తకం తీసుకెళ్ళి చూపించండి, మీ భయాలను కూడా చదవమనండి.

ఎన్నాళ్ళు చేయాలి? 2023లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో 492 మందిని తీసుకున్నారు. కదలికనూ ఆలోచననూ కలిపే చికిత్సను 12 వారాల్లో ఏడుసార్ల వరకు ఇచ్చి, ఆరు నెలలకు మరోసారి పిలిచారు. ఏడాది తర్వాత కూడా ఫలితం నిలిచింది. మీరూ 12 వారాలు పెట్టుకోండి. ఆరో నెలలో పుస్తకం మళ్ళీ తెరవండి.

పోయిన ధనుర్మాసంలో మా అమ్మ వాకిట్లో పదకొండు చుక్కల ముగ్గు వేసింది. నొప్పి ఎంత అంటే 3 అంది. ఇప్పుడు ఆమె కన్ను కొండ మీద పడింది. అలిపిరి దారిలో 3,550 మెట్లు. అరవై దాటి షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవారిని కాలినడకన రావద్దని టీటీడీ కూడా సూచిస్తుంది, కాబట్టి మొక్కుకునే ముందు గుండె డాక్టరును అడగమన్నాను. ఆయన సరే అంటే మెట్లకు కూడా మెట్లు కడతాం: మొదటి నెల ఇంటి మేడ, రెండో నెల అలిపిరిలో మొదటి యాభై. దిగేటప్పుడు మాత్రం ఎప్పుడూ బస్సే, మోకాళ్ళకు ఎక్కడంకంటే దిగడం బరువు.